తెనాలి బౌలర్‌ని, టెక్సస్‌లో పిచింగ్ కోచ్‌ని

కోచ్‌ని అవుదామని నేనెప్పుడూ అనుకోలేదు. మావాడిని బేస్‌బాల్‌లో చేర్పించే ఫారం మా ఆవిడ నింపింది. చివర్లో, కోచింగ్‌కి సాయం చేయగల తల్లిదండ్రులు ఎవరైనా ఉన్నారా అని ఒక గడి ఉందట. టిక్ పెట్టేసి, వంటింట్లోంచే చెప్పింది: "ఏమండీ, కాలేజీలో తెగ బౌలింగ్ చేశానని చెబుతుంటారుగా, మీ పేరిచ్చేశాను." వారం తిరక్కుండా బ్యాక్‌గ్రౌండ్ చెక్ మెయిల్ వచ్చింది. ఇంకో పది రోజులకి ఒక టోపీ, ఒక టీషర్టు. అంతే, నేను అసిస్టెంట్ కోచ్‌ని అయిపోయాను.

మేముండేది ఫ్రిస్కోలో. డాలస్‌కి ఉత్తరాన ఉంటుంది. సాయంత్రం పార్కుకెళ్తే నాలుగడుగులకొకసారి తెలుగు వినపడే ఊరు. మా వీధి పిల్లలు చాలామంది క్రికెట్ అకాడమీలకి వెళతారు. మావాడు మాత్రం ఎవరో స్నేహితుడి పుట్టినరోజుకని రఫ్‌రైడర్స్ మ్యాచ్ చూసొచ్చి అదే ఆడతానన్నాడు. రఫ్‌రైడర్స్ అంటే, అన్నిటికంటే పైనుండే మేజర్ లీగ్‌లో ఆడే టెక్సస్ రేంజర్స్ కింద, రెండు మెట్లు దిగువన డబుల్-ఏ స్థాయిలో ఆడే మా ఊరి జట్టు. నాకు లోపల కొంచెం చివుక్కుమంది, అబద్ధమెందుకు. సరిగ్గా ఆ రోజుల్లోనే డాలస్ పక్కనున్న గ్రాండ్ ప్రెయిరీలో పాత బేస్‌బాల్ స్టేడియాన్ని క్రికెట్ స్టేడియంగా మార్చారు. 2024 జూన్ 6న అమెరికా జట్టు అక్కడే పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించింది. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ నాలాగే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆ "నాలాగే" ఉద్యోగం వరకేననుకోండి. మొత్తానికి బేస్‌బాల్ గ్రౌండ్లు క్రికెట్‌కి మారుతున్న కాలంలో నేను ఎదురు దారి పట్టాను.

మా అమ్మకి ఫోన్ చేసి మనవడు పిచర్ (మన బౌలర్ లాంటివాడు) అయ్యాడని చెబితే, "పిచ్చోడయ్యాడా?" అంది. వివరంగా చెప్పాక, "నువ్వు చేయి పోగొట్టుకున్నది చాల్లేదా?" అని పెట్టేసింది.

ఆ చేయి సంగతి ముందు చెప్పాలి. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు నేను ఫాస్ట్ బౌలర్‌ని. తెనాలి గ్రౌండ్‌లో కార్క్ బంతితో నేర్చుకున్న బౌలింగ్. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక టోర్నమెంట్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడించారు. పొద్దున ఒక చివర నుంచి మొదలుపెట్టాను, ఆపమని ఎవరూ అనలేదు. నొప్పిగా ఉందంటే, "కట్టు కట్టించుకో, రేపు ఫైనలు" అన్నారు మమ్మల్ని చూసుకునే పెద్దాయన. మొత్తం ఎన్ని ఓవర్లు వేశానో ఈరోజుకీ తెలీదు, ఎవరూ లెక్కపెట్టలేదు. భుజం మళ్ళీ మునుపటిలా తిరగలేదు. ఇప్పటికీ పై అరలో ఆవకాయ జాడీ తీయాలంటే ఎడమ చేయే వాడతాను.

మొదటి ప్రాక్టీస్‌లో మాత్రం ఇవేవీ గుర్తు రాలేదు. బంతి చేతికివ్వగానే ప్రాణం లేచొచ్చింది. క్రికెట్ బంతి కంటే కాస్త తేలిక, ఐదు ఔన్సుల పైచిలుకు. ఎర్ర దారంతో 108 కుట్లు. మా ఆవిడ అష్టోత్తరం అంటుంది. పిల్లల్ని వరసగా నిలబెట్టి, "చేయి చెవికి ఆనించి, మోచేయి వంచకుండా" అని చూపించాను. నాకు వచ్చింది అదేగా. తొమ్మిదేళ్ళ పిల్లలు ఎనిమిది మంది చేతులు బిగబట్టి విసిరారు. ఒక బంతి వెనక్కి వెళ్ళింది. ఒకటి మా హెడ్ కోచ్ కాళ్ళ దగ్గర పడింది.

ఆయన్ని అందరూ కోచ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు జీతానికి ఆడిన పిచర్. మేజర్ లీగ్ కిందుండే మైనర్ లీగుల్లో ఆరేళ్ళు, డబుల్-ఏ దాకా వెళ్ళి ఆగిపోయారు. ఆ రోజుల గురించి అడిగితే నవ్వుతారు. సీజన్ ఉన్న నెలల్లోనే జీతం, అదీ నెలకి వెయ్యి చిల్లర డాలర్లు. రాత్రి మ్యాచ్ అవగానే బస్సెక్కి తెల్లవారుజామున ఇంకో ఊళ్ళో దిగడం. ఒక అపార్ట్‌మెంట్లో ఐదుగురు నేలమీద పరుపులేసుకుని పడుకోవడం. ఆయన చెబుతుంటే నాకు అమీర్‌పేట బ్యాచిలర్ రూములే కళ్ళముందు మెదిలాయి. కాకపోతే మాకు కోర్సు అయ్యాక ఉద్యోగాలొచ్చాయి. ఆయన రూములో ఉన్న ఐదుగురిలో మేజర్ లీగ్ మైదానంలో కాలుపెట్టిన వాళ్ళు ఎవరూ లేరు.

ఆ రోజు బంతి తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు విసురు, చూస్తాను" అన్నారు. విసిరాను. బంతి పోవాల్సిన చోటుకే పోయింది కానీ, నిలబడి వేసిన క్రికెట్ బౌలింగ్ అది. ఆయన తప్పని అనలేదు. "మీ ఆటలో మోచేయి వంచి విసిరితే ఏమంటారు?" అని అడిగారు. నో బాల్ అంటారని చెప్పాను. ఐసీసీ లెక్కలో పదిహేను డిగ్రీలు దాటి చేయి సాగకూడదు. మా తెనాలిలో డిగ్రీలు లేవు, "త్రో వేస్తున్నావురా" అని అరిచేవాళ్ళు, గొడవలయ్యేవి. "మా ఆట మొత్తం ఆ తప్పుమీదే నడుస్తుంది" అన్నారాయన.

తెలిసింది మర్చిపోవడానికి నాకు దాదాపు ఒక సీజన్ పట్టింది. మనకి రనప్ ఉంటుంది, పరుగులోంచే వేగం వస్తుంది. ఇక్కడ పరుగు లేదు. మట్టి దిబ్బ మీద పాతిన రబ్బరు పలకని పాదంతో తాకుతూ నిలబడాలి, అక్కడినుంచి ఒకే ఒక్క అంగ. ఆ ఒక్క అంగలో నడుం ముందు తిరగాలి, భుజం ఆ తర్వాత. రెండూ ఒకేసారి తిరిగితే భారమంతా చేతిమీదే పడుతుంది. దూరం పెద్దగా తేడా లేదు. మన క్రీజు నుంచి క్రీజుకి 58 అడుగులు, మేజర్ లీగ్‌లో పలక నుంచి బ్యాటరు నిలబడే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు, మా పిల్లలకి 46. కానీ బంతి నేలని తాకదు. లెంగ్త్, యార్కర్, పిచ్ మీద పగుళ్ళు, పొద్దుటి తేమ, ఇరవై ఏళ్ళు నేను పోగేసుకున్న తెలివంతా నేలలో ఉంది. ఇక్కడ ఆ నేలే లేదు.

పనికొచ్చింది ఒక్కటే, స్లో బాల్. చేయి వేగం తగ్గించకుండా బంతిని అరచేతిలోకి లోతుగా పట్టుకుని వేస్తే బ్యాటరు ముందే ఊపేస్తాడు. వీళ్ళు దాన్ని చేంజప్ అంటారు. ఆ ఒక్క పాఠం కోచ్ నన్నే చెప్పమన్నారు. గాలిలో వంపు తిరిగే కర్వ్ బాల్ మాత్రం మా జట్టులో నిషేధం. "గడ్డం గీసుకునే వయసు వచ్చాక నేర్చుకోండి" అనేవారు. దానికి మా కుర్రాళ్ళలో ఒకడు రోజూ గడ్డం తడుముకుని వచ్చేవాడు.

మొదటి నెలలోనే నేనొక పిచ్చి ప్రశ్న అడిగాను. పెద్ద ఆటగాళ్ళంతా మంచి కోచ్‌లు అవుతారా అని. దానికి జవాబుగా ఆయన టామ్ హౌస్ గురించి చెప్పారు. తర్వాత నేనూ చదువుకున్నాను.

టామ్ హౌస్ ఎడమచేతి పిచర్. 1971 నుంచి 1978 దాకా మేజర్ లీగుల్లో అట్లాంటా బ్రేవ్స్, బోస్టన్ రెడ్ సాక్స్, సియాటిల్ మారినర్స్ జట్లకి ఆడాడు. మొత్తం 29 గెలుపులు. బంతిలో పెద్ద వేగం లేదు. జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది వేసిన బంతికి కాదు, పట్టుకున్న బంతికి. 1974 ఏప్రిల్ 8 రాత్రి అట్లాంటాలో హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటాడు. గోడ దాటొచ్చిన ఆ బంతిని బుల్‌పెన్‌లో, అంటే పిచర్లు తమ వంతు కోసం ఉండే చోట, నిలబడి పట్టుకున్నది హౌసే. పరుగెత్తుకుంటూ హోమ్ ప్లేట్ దాకా వెళ్ళి ఆరన్ చేతిలో పెట్టాడు. "ఆయన కెరీర్లో అందరికీ తెలిసిన ఘట్టం ఇంకొకరికి బంతి అందించడం. కోచ్ కాక ఇంకేమవుతాడు?" అని మా కోచ్ జోకు.

నాకు ఆసక్తి అనిపించింది దాని తర్వాతి కథ. వేగం లేని పిచర్ కాబట్టి ప్రతి బంతికీ బుర్ర వాడాల్సి వచ్చింది. సైకాలజీలో డాక్టరేట్ చేశాడు. 1985లో టెక్సస్ రేంజర్స్‌కి పిచింగ్ కోచ్‌గా వచ్చి, పిచర్ల చేత అమెరికన్ ఫుట్‌బాల్ విసిరించాడు. కోలగా ఉండే ఆ బంతి చేయి సరిగ్గా కదిలితేనే తిన్నగా తిరుగుతూ పోతుంది, లేకపోతే గాలిలో తడబడుతుంది. అంటే తప్పు ఎక్కడుందో బంతే చెబుతుంది. జనం నవ్వారు. వాళ్ళలా నవ్వుతుండగానే నలభై దాటిన నోలన్ రయన్ అక్కడికి వచ్చి, హౌస్ చెప్పినవన్నీ చేశాడు. 1991 మే 1న, 44 ఏళ్ళ వయసులో, ఆర్లింగ్టన్‌లో తన ఏడో నో-హిట్టర్ వేశాడు. అంటే ఆ మ్యాచ్ మొత్తంలో అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. రయన్‌కి దేవుడిచ్చిన చేయి ఉంది, అది అన్నేళ్ళు ఎలా ఉంటుందో చూసుకునే మనిషి హౌస్.

మనవాళ్ళకి తెలియాల్సిన ముక్క ఇంకొకటుంది. 2008లో ఇండియాలో వేగంగా బంతి విసిరేవాళ్ళ కోసం ఒక పోటీ పెట్టి, ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్ళని లాస్ ఏంజిలెస్ తీసుకొచ్చారు. వాళ్ళకి పిచింగ్ నేర్పింది ఈ టామ్ హౌసే. అప్పటికి వాళ్ళు బేస్‌బాల్ పట్టుకుని కూడా ఎరగరు. కొన్ని నెలల్లోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. మేజర్ లీగ్ దాకా ఎవరూ వెళ్ళలేదు. రింకూ కొన్నేళ్ళు మైనర్లలో ఆడి, గాయాల తర్వాత రెజ్లింగ్‌లోకి వెళ్ళాడు. క్రికెట్ పిచ్చి ఉన్న దేశంలో గెలిచిన ఆ ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్ళు. నా మొదటి ప్రాక్టీస్ తర్వాత నాకది వింతగా తోచలేదు. ఈటె విసిరేవాడి మోచేయి వంగుతుంది, మన బౌలర్‌ది వంగకూడదు.

హౌస్ పేరుతో ప్రచారమైన తువ్వాలు అభ్యాసం నేనూ మొదలుపెట్టాను. బంతి బదులు తువ్వాలు కొస పట్టుకుని, బంతి విసిరినట్టే అడుగు వేసి, ముందు నిలబడ్డవాడి అరచేతిని తువ్వాలుతో కొట్టాలి. అడుగు పొట్టిదైతే అందదు, భుజం ముందే తిరిగితే పక్కకి పోతుంది. అమ్మ పంపిన గళ్ళ తువ్వాలుతో రోజూ రాత్రి గ్యారేజీలో నేను, మావాడు. చప్పుడుకి మా ఆవిడ తలుపు తీసి, "చాకిరేవు పెట్టారా?" అనేది. నా భుజం పైకి లేవదు కాబట్టి పూర్తిగా చేసి చూపించలేను, మాటల్లో చెప్పాలి. మొదట్లో సిగ్గేసేది. పోనుపోను, చూపించలేకపోవడం వల్లే నా మాట స్పష్టమవుతోందని గమనించాను.

రెండో సీజన్‌కి మావాడికి పదేళ్ళు. జట్టులో బాగా వేసేవాడయ్యాడు. ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి.

మా పిల్లలు ఆడే లిటిల్ లీగ్‌లో బంతుల లెక్క ఉంది. తొమ్మిది, పదేళ్ళ పిల్లలు రోజుకి 75 పిచ్‌లు, అంటే బ్యాటరుకి విసిరే బంతులు, మించకూడదు. పదకొండు, పన్నెండేళ్ళకి 85. అక్కడితో అయిపోదు. 21 నుంచి 35 వేస్తే మర్నాడు విశ్రాంతి, 36 నుంచి 50కి రెండు రోజులు, 51 నుంచి 65కి మూడు, 66 దాటితే నాలుగు. రైలు టైమ్‌టేబుల్‌లా ఉండే ఆ పట్టిక నాకు కంఠతా వచ్చు. డగౌట్‌లో క్లిక్కర్ పట్టుకుని నొక్కే పని నాదే. తిరుమల కంపార్ట్‌మెంట్ల దగ్గర భక్తుల్ని లెక్కపెట్టినంత శ్రద్ధగా నొక్కేవాడిని.

కానీ మావాడు శని, ఆదివారాలు ఇంకో జట్టుకి కూడా ఆడుతున్నాడు. ఊళ్ళు తిరిగి టోర్నమెంట్లు ఆడే జట్టు. దాని లెక్క దానిది, మా లెక్క మాది. మధ్యలో రెండూ తెలిసినవాడిని నేనొక్కడినే. కూడడానికి రెండు అంకెలు. ఆఫీసులో రోజంతా చేసే పని అదే. కూడలేదు. గెలుస్తున్నాడుగా!

ఏప్రిల్లో ఒక మంగళవారం మ్యాచ్. కోచ్ ఊళ్ళో లేరు, జట్టు నాకప్పగించారు. ఆఖరి ఇన్నింగ్స్, ఒక్క పరుగు ఆధిక్యం. మావాడివి 62 అయ్యాయి. అరవై ఐదులోపు దించితే మూడు రోజుల విశ్రాంతితో సరిపోయేది. స్టాండ్‌లో మా వీధివాళ్ళు పది మంది ఉన్నారు, తెలుగులో అరుస్తున్నారు. 71వ పిచ్‌కి వాడు భుజం కొంచెం విదిలించాడు. చూశాను. 74వ పిచ్‌కి ఆఖరి బ్యాటరు అవుటయ్యాడు. రూల్ ప్రకారం ఏ తప్పూ లేదు. ఆ రాత్రి పిజ్జా కూడా తిన్నాం.

మర్నాడు పొద్దున వాడు ఎడమ చేత్తో పళ్ళు తోముకుంటున్నాడు.

నేను వెనక నిలబడి అద్దంలో చూశాను. ఏమీ అడగలేదు, అడగక్కర్లేదు కూడా. ఆవకాయ జాడీ గుర్తొచ్చింది. డాక్టరు మోచేతి లోపలి వైపు నొక్కితే వాడు కెవ్వుమన్నాడు. ఎముక చివర ఇంకా పెరుగుతున్న భాగం ఉంటుందట, పదే పదే లాగేసరికి అక్కడ వాచింది. దీనికి "లిటిల్ లీగర్స్ ఎల్బో" అనే పేరే ఉంది. ఆరు వారాలు విసరడం బంద్. వారంలో అన్ని జట్లలోనూ కలిపి ఎన్ని వేశాడని డాక్టరమ్మ అడిగితే, అప్పుడు కలిపాను రెండు లెక్కలూ. 131. మా ఆవిడ ఆ అంకె విని కారు దాకా ఏమీ మాట్లాడలేదు.

కోచ్ తిరిగొచ్చాక వెళ్ళి చెప్పాను, టోపీ తిరిగిచ్చేద్దామనే. ఆయన తిట్టలేదు. చొక్కా చేయి మడిచి మోచేయి చూపించారు. లోపలి వైపు నాలుగంగుళాల మచ్చ. టామీ జాన్ సర్జరీ. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ పేరుగల పిచర్‌కి రెండో చేతిలోంచి స్నాయువు తీసి మోచేతిలో వేశాడు. మళ్ళీ ఆడే అవకాశం నూటికి ఒకటని చెబితే, టామీ జాన్ తిరిగొచ్చి ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు. అందరూ ఆ కథే చెబుతారు. మా కోచ్ తిరిగొచ్చాక మాత్రం వేగం రాలేదు, రెండేళ్ళలో మానేశారు. "పన్నెండేళ్ళప్పుడు మా నాన్నే నా కోచ్. శనివారం రెండు మ్యాచ్‌లు వేయించేవాడు. మంచివాడు, ఆటంటే ప్రాణం" అన్నారు. కాసేపాగి, "టోపీ ఉంచుకో. వచ్చే మ్యాచ్‌లో పిచర్ దగ్గరికి నువ్వే వెళ్ళు" అన్నారు.

పిచర్ దగ్గరికి వెళ్ళడం అంటే ఆట ఆపించి, నడిచి మట్టి దిబ్బ మీదకి వెళ్ళడం. అక్కడ మాట్లాడేది బయటవాళ్ళకి వినపడదు. ఆయన వెళ్ళినప్పుడల్లా ఏదో గొప్ప వ్యూహం చెబుతారనుకునేవాడిని. దగ్గరుండి వింటే, "మ్యాచ్ అయ్యాక ఏం తింటావు?" అని అడుగుతున్నారు. పిల్లాడు ఊపిరి తీసుకోవడానికి అంతే చాలు. దించేయాల్సి వస్తే ఏమీ అడగరు, అరచేయి చాపుతారు.

నేను దించిన మొదటి పిల్లాడు మా జట్టులో నెమ్మదైనవాడు. 49 పిచ్‌లు. బాగానే వేస్తున్నాడు, కానీ మోచేయి కిందికి జారుతోంది, అడుగు పొట్టిదవుతోంది. చేయి చాపాను. బంతిని గ్లవ్‌లో దాచేసి, "ఇంకొక్కడు, కోచ్" అన్నాడు. వాళ్ళమ్మ స్టాండ్‌లో లేచి నిలబడింది. నేను చేయి అలాగే ఉంచాను. ఎంతసేపో తెలీదు, నా ఓవర్లన్నిటికంటే ఎక్కువసేపు అనిపించింది. చివరికి చెమటతో తడిసిన బంతి నా చేతిలో పెట్టి ఏడుస్తూ వెళ్ళాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాం. వాళ్ళమ్మ రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

మావాడు నొప్పి తగ్గాక ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేశాడు. తర్వాత నెమ్మదిగా మళ్ళీ పిచింగ్, వారాంతపు జట్టు మాన్పించేశాం. ఇప్పుడు రెండు లెక్కలు లేవు, ఒకటే పుస్తకం.

ఆ వేసవిలో మా నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఊరికే కూర్చోలేక ఏదైనా పని చెప్పమంటే క్లిక్కర్ ఇచ్చాను. వల వెనక కుర్చీ వేసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ప్రతి బంతికీ పెదవులు కదుపుతూ నొక్కారు. మనవడి వంతు అయ్యేసరికి ఆయన క్లిక్కర్లో 39 ఉంది, అవతలి జట్టు పుస్తకంలో 31. వాళ్ళ స్కోరర్ నా వైపు చూశాడు. విషయం అర్థమైంది. మొదట్లో వేసే ఎనిమిది వార్మప్ బంతులకి కూడా నాన్న నొక్కేశారు.

"అవి లెక్కలోకి రావు నాన్నా" అన్నాను.

"ఆ సంగతి వాడి చేతికి తెలుసా?" అన్నారు.

అవతలివాళ్ళ పుస్తకం ప్రకారం 31 అని రాసి సంతకం పెట్టాను. తర్వాతి ఇన్నింగ్స్‌కి మావాడు గ్లవ్ తీసుకుని లేస్తుంటే కూర్చోమని చెప్పి, ఇంకో కుర్రాడికి బంతి ఇచ్చాను.